ఓదెలు అతుకు

కాజీపేట చంద్రకళ టాకీస్‌ల
మా నాయిన రెండు మిషిన్ల నడుమ నిలవడి
ఇరవై తొమ్మిదేండ్లు సినిమా చూసిండు,
చిన్న కిటికీలకెంచి, ఒక్క కన్నుతోని.

అంతకుముందు సైకిల్ మీద డబ్బాలు మోసిండు.
ఒక్కటే ప్రింటు, రెండు టాకీసులు.
హన్మకొండల దిగిన రీలు
వేడి ఆరకముందే ఈడ ఎక్కాలె.
ఫాతిమా నగర్ బ్రిడ్జి మీద చైన్ ఊడిన రోజు
జనం ఆరు కుర్చీలు ఇరగ్గొట్టిన్రు.
హీరో కంటె ముందుగాల నేనే ఉరికిన, అంటడు.

రెండో ఆట ఆఖరుకొచ్చే యాళ్లకు
జమ్మికుంట దిక్కు పోయే బండి కూతేసేది.
లోకోషెడ్డు కూలీలు, పాలోళ్లు, పత్తి అమ్మవచ్చినోళ్లు
క్లైమాక్స్‌ల లేచి తువ్వాల దులుపుకునేటోళ్లు.
అది సూడలేక నాయిన
పాటకు బ్లేడు పెట్టిండు.
పొర గీకి, సొల్యూషన్ రాసి, అద్ది,
ఉఫ్, అని ఊది.
కథ ముగిసేది. బండి అందేది.
డిస్ట్రిబ్యూటర్ మనిషొచ్చి ఫుట్లు కొలిచి తిడితె
తెంపింది నేను గాదు, మిషిను, అన్నడట.

తెగిన ముక్కలు నాకు, బిస్కెట్ డబ్బాల.
ఎండకు పెట్టి చూసేటోన్ని:
ఒక్కో గడిల హీరోయిన్ చెయ్యి
ఇంకింత లేచేది.
ఆ పాటకు మూడో చరణం ఉన్నదని
ఇంటర్ల, ఎవలింట్లనో టీవీల తెలిసింది.
బొమ్మంత నా డబ్బాలనే ఉండె, చరణమే లేదు.
మూడొద్దులు నాయినతోని మాట్లాడలె.

ఇప్పుడు నేను కృష్ణానగర్‌ల ఏసీ గదిల
కూర్పు పని చేస్త.
టైటిల్స్‌ల నా పేరు రెండు సెకండ్లు.
నాయిన పేరు ఏ సినిమాల పడలె,
బొమ్మ మసకైనప్పుడు మాత్రం
నేలక్లాసంత ఒక్క గొంతుతోని
"ఓరి ఓదెలుగా!" అని పిలిచేది.
ఇంట్ల పండుకున్నా ఇప్పటికీ
పది నిమిషాలకోసారి కండ్లు తెరుస్తడు.
రీలు మార్చాలె గద.

పోయిన చలికాలం మా షూటింగు ఆ టాకీస్‌లనే.
ఇప్పుడది ఎరువుల గోదాము.
యూరియా బస్తాలు పక్కకు జరిపి
డైరెక్టర్ అన్నడు, తాళమేసే ముసలాయన కావాలె.
తొమ్మిది టేకులు పోయినయ్.
పదో దాంట్ల నాయిన తాళమేసి
పైకి చూసిండు, ఆ చిన్న కిటికీ దిక్కు.
ఎవలూ చెప్పలె ఆ చూపు.
మొత్తం నలభై ఒక్క సెకండ్లు.

నిడివి ఎక్కువైందన్నరు.
పన్నెండు నిమిషాలు పోవాలె.
అన్నీ కోసిన, అది ఒక్కటి ముట్టలె.
లాప్‌టాప్ సంకకేసుకొని కాజీపేటకొచ్చిన,
మాఫీ అడగనీకెనో, ఉంచు బిడ్డా అంటడనో.

నాయిన కండ్లద్దాలు తుడుసుకొని
తనను తాను చూసుకుండు, ఒకసారి.
రెండోసారి తెర మీద ఏలు పెట్టి
"ఇగో, ఈడ" అన్నడు.
"చెయ్యి తాళం మీద పడంగనే.
మూసిండని సమజైంది గద, మల్ల ఆ చూపుడేంది?"
"నాయినా, అదే మంచిగున్నది."
"మంచిగనే ఉన్నది.
జనానికి బండి పోతది."

ఇప్పుడు అందరికీ బండ్లున్నయ్ నాయినా,
అనబోయిన. అనలె.
మీట నొక్కిన.

ఆయన ముందుకు వంగి
కోసిన కాడ
ఉఫ్, అని ఊదిండు.
తెర మీద చిన్న ఆవిరి మచ్చ.
అది ఆరేదాకా
ఇద్దరం ఆగినం.